పడటం నేర్పిన బడి

టోక్యోలో మనవాళ్లు ఎక్కువగా ఉండే నిషికసాయిలో మా కాపురం. 46వ ఏట మా వీధి చివర, ఐకిడో అనే జపాన్ యుద్ధవిద్య నేర్పే బడిలో చేరాను. మొదటి నెలంతా పడటమే నేర్పారు. గడ్డం గుండెకు ఆనించి, వీపు గుండ్రంగా వంచి బంతిలా దొర్లాలి. దీన్నే ‘ఉకెమి’ అంటారు.

మొరిహెయి ఉయెషిబా (1883–1969) రూపొందించిన ఈ విద్యకు 1942లో ఐకిడో అనే పేరు స్థిరపడింది. ఎవరైనా మణికట్టు పట్టుకుంటే గుంజుకోకూడదు. వాళ్లు తోసే వైపే అడుగేసి పక్కకు తిరిగితే, వాళ్ల ఊపే వాళ్లను తూలిస్తుంది. చాలా బడుల్లో పోటీలూ పతకాలూ ఉండవు.

మొన్న వానలో స్టేషన్ ముందు కాలు జారింది. చెయ్యి ఆనించకుండా దొర్లి లేచాను. కూరగాయల సంచీ చిరిగింది గానీ మణికట్టు విరగలేదు. మీ దగ్గర ఇలాంటి బడి ఉంటే, ముందు పడటం నేర్చుకోండి.