ఉరియా? యావజ్జీవమా?

తాండూరు కూడికలో ఒక తల్లి నన్ను అడిగారు: "అయ్యగారూ, ప్రాణం తీసినవాని ప్రాణం తీయడం తప్పా?" వికారాబాదులోనూ ఇదే ప్రశ్న విన్నాను. ఈ దినము దానిని ధ్యానిద్దాం.

1993 మార్చి 8న చిలకలూరిపేట దగ్గర ఇద్దరు యువకులు దోపిడీ కోసం ఆర్టీసీ బస్సుకు నిప్పుపెట్టారు. 23 మంది చనిపోయారు. ఆ ఇద్దరికీ పడిన ఉరిశిక్షను 1996లో సుప్రీంకోర్టు ఖాయపరచింది. 1997 మార్చిలో ఉరి చివరి గడియలో ఆగింది. 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ దానిని యావజ్జీవ శిక్షగా మార్చారు.

యావజ్జీవమంటే పద్నాలుగేండ్లేనని చాలామంది అనుకుంటారు. కాదు, చట్టం ప్రకారం అది ప్రాణమున్నంతవరకు. ప్రభుత్వం తగ్గించవచ్చును గాని, అది ఖైదీ హక్కు కాదు. ఉరి అత్యంత అరుదైన కేసులకేనని 1980లో బచ్చన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

వాక్యమేమి బోధిస్తుంది? ఆదికాండము 9:6 నరహంతకునికి మరణం విధిస్తుంది. రోమా 13 అధికారికి ఖడ్గమిస్తుంది. వీటిని మనం దాచకూడదు. అయితే హేబెలును చంపిన కయీనును దేవుడు శిక్షించాడు, ఎవరూ అతనిని చంపకుండ గురుతు కూడా వేశాడు. శిక్ష తప్పలేదు, ప్రాణమూ పోలేదు.

ఉరి తీశాక పొరపాటు తేలితే దిద్దుకోలేము. మారుమనస్సుకు సమయమూ ఉండదు. అందుచేత నా మనస్సు యావజ్జీవ శిక్ష వైపే మొగ్గుతుంది. కాని ప్రియులారా, చనిపోయినవారి ఇంటివారి కన్నీళ్లు మరచి క్షమను గూర్చి మాట్లాడితే మన మాటకు విలువ ఉండదు. ముందు వారి గుమ్మానికి వెళ్దాం. ఆ పిమ్మట జైలు గుమ్మానికి. ప్రభువు మీకు తోడైయుండును గాక. ఆమేన్.