చలువపెట్టెకు మూడు కళ్లేలు

ఐస్‌క్రీము దుకాణాలలో మూత పైకెత్తి తెరిచే పొడవైన చలువపెట్టెను మనలో చాలమంది చూచే ఉంటారు. ఆ పెట్టెకు తెలిసిన విద్య ఒక్కటే. తనలో ఉంచినదానిని గడ్డకట్టించడం. అమెరికాలో ఇంటివద్ద బీరు తయారుచేసుకొనేవారు ఆ పెట్టెనే తెచ్చి, కొళాయి తిప్పగానే చల్లని బీరు గ్లాసులోకి దిగే సాధనంగా మార్చుకొంటున్నారు. పీపా అనే అర్థం గల ‘కెగ్’, ‘ఫ్రీజర్’ అనే రెండు మాటలను అతికించి దీనికి ‘కీజర్’ అని పేరు పెట్టారు.

ఆ దేశంలో 1933లో మద్యనిషేధం తొలగినప్పటికీ, ఇంట బీరు తయారుచేసుకొనే హక్కు మాత్రం 1978లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టంతోనే లభించింది. ఇద్దరు పెద్దలున్న కుటుంబం ఏడాదికి 200 గాలన్లవరకు పన్ను లేకుండా తయారుచేసుకొనవచ్చు; అమ్మరాదు. శీతలపానీయాల కంపెనీలు వాడి విడిచిన ఉక్కు పీపాలు ఈ గృహస్థులకు చవకగా దొరికాయి. ఒక్కొక్కటి 5 గాలన్లు, అనగా సుమారు 19 లీటర్లు పడుతుంది. వాటిని నిలబెట్టడానికి మూత పైనున్న పెట్టె ఎంతో అనుకూలం. చల్లగాలి బరువైనది, కనుక మూత ఎత్తినా బావిలో నీటివలె అడుగుననే నిలుస్తుంది.

పని ప్రారంభించేవారు మొదట తెలుసుకొనవలసినది, పెట్టె గోడకు రంధ్రం వేయరాదని. చలిని పుట్టించే సన్నని గొట్టాలు ఆ గోడలలోనే దాగి ఉంటాయి. ఒక్కటి తెగినా పెట్టె ఎందుకూ కొరగాదు. అందువల్ల మూతను విప్పి, పెట్టె అంచుపై కొయ్యచట్రమొకటి బిగించి, దానిపై మూతను తిరిగి అమరుస్తారు. కొళాయిలకు రంధ్రాలు ఈ కొయ్యలోనే వేస్తారు. పీపాలకు కావలసిన ఎత్తు కూడ దీనితో సమకూరుతుంది.

ఇక మిగిలిన పనియంతా మూడు శక్తులకు కళ్లెం వేయడమే. మొదటిది చలి. సామాన్యంగా ఈ పెట్టె సున్నకు 18 డిగ్రీలు దిగువకు పోతుంది. బీరుకు కావలసినది 3, 4 డిగ్రీల చలువ మాత్రమే. కనుక పెట్టెకు వచ్చే విద్యుత్తును బయట అమర్చిన థర్మోస్టాట్ గుండా పంపుతారు. కోరిన చలువ రాగానే అది విద్యుత్తును ఆపివేస్తుంది. దాని కొనను గాలిలో వ్రేలాడదీయక పీపాకు ఆనించి కట్టాలి. గాలి త్వరగా వేడెక్కి, త్వరగా చల్లారుతుంది. దానిని నమ్మితే యంత్రం మాటిమాటికీ ఆగి, కదిలి, చెడిపోతుంది.

రెండవది వాయువు. గోలీసోడా కొట్టగానే బుస్సుమనే బొగ్గుపులుసు వాయువే ఇది. గది వేడిలో సిలిండరులో దీని ఒత్తిడి చదరపు అంగుళానికి సుమారు 800 పౌన్లు. పీపాకు కావలసినది 10, 12 పౌన్లే. రెగ్యులేటరు ఈ రెంటికీ నడుమ నిలుస్తుంది. ద్రవంలో ఎంత వాయువు కరిగేదీ దానిపైనున్న ఒత్తిడిననుసరించి ఉంటుందని 1803లో విలియం హెన్రీ నిరూపించాడు. చలువ ఎక్కువైనకొలది ద్రవం మరింత వాయువును ఇముడ్చుకొంటుంది. పై లెక్కన వారం పది దినాలలో లీటరు బీరులో సుమారు రెండున్నర లీటర్ల వాయువు కరుగుతుంది.

మూడవది ప్రవాహం. ఒత్తిడిలో ఉన్న బీరు ఒక్కసారిగా బయటపడితే గ్లాసు నిండా నురుగే. అందువల్ల పీపాకూ కొళాయికీ నడుమ సన్నని గొట్టాన్ని సుమారు 10 అడుగుల పొడవున చుట్టలుగా ఉంచుతారు. ఆ దారిలో రాపిడివల్ల ఒత్తిడి మెల్లమెల్లగా తగ్గి, బీరు నెమ్మదిగా దిగుతుంది. కొయ్యచట్రం దగ్గర గాలి కొంత వెచ్చగా ఉండి మొదటి గ్లాసు పొంగుతుంది. పెట్టెలో చిన్న పంకా ఒకటి తిరిగితే ఆ తేడా పోతుంది.

ఒక హెచ్చరిక అత్యవసరం. బొగ్గుపులుసు వాయువు గాలికంటె ఒకటిన్నర రెట్లు బరువైనది. రంగు, వాసన లేనిది. ఎక్కడైన కారితే మూసిన పెట్టెలో అడుగునుండి నిండుతుంది. తెరిచిన వెంటనే లోపలికి వంగినవారు స్పృహ తప్పవచ్చు. ప్రాణాపాయం కూడ కలుగవచ్చు. మూత ఎత్తి, గదిలో గాలి ఆడనిచ్చి, కొంతసేపాగి వంగాలి. అతుకులన్నిటికీ సబ్బునీరు రాసి, బుడగలు వస్తున్నవేమో చూడాలి. సిలిండరు దొర్లిపడకుండ గొలుసుతో కట్టాలి. గొట్టాలను రెండు వారాలకొకసారి కడగకపోతే పాచిపట్టి రుచి చెడుతుంది.

మన రాష్ట్రాలలో అనుమతి లేనిదే ఇంట మద్యం తయారుచేయడం చట్టరీత్యా నేరం. అయితే ఆ ఉక్కు పీపాలు పుట్టినది శీతలపానీయాల కొరకే. బీరుకు బదులు శుద్ధమైన నీరు పోసినచో, వాయువు ఒత్తిడి కొంత హెచ్చించి, గొట్టం మరికొంత పొడిగిస్తే, ఇదే పెట్టె వేసవిలో ఇంటిల్లిపాదికీ చల్లని సోడా ఇస్తుంది. దానికీ ఈ మూడు కళ్లేలూ, ఆ హెచ్చరికా తప్పవు.