వార్తల్లో పదం: ఫైబర్ రింగ్

నగరంలోని పోలీస్ స్టేషన్లు, అగ్నిమాపక కేంద్రాలు, కంట్రోల్ రూములను ఆప్టికల్ ఫైబర్‌తో వలయంగా కలిపే ఏర్పాటే ఫైబర్ రింగ్. కేబుల్ ఒకచోట తెగినా సమాచారం రెండో వైపు నుంచి తిరిగి గమ్యం చేరుతుంది. ఈ మళ్లింపు రెప్పపాటులో జరిగిపోతుంది.

అసలు కిటుకు దారుల్లో ఉంది. వలయంలోని రెండు వైపుల కేబుళ్లూ వేర్వేరు వీధుల్లో రావాలి. ఖర్చు తగ్గుతుందని రెండింటినీ ఒకే కందకంలో వేస్తే జేసీబీ ఒక్క వేటుకు రెండూ పోతాయి. అప్పుడది పేరుకే రింగ్. టెండరులో కిలోమీటర్ల లెక్క కంటే ముందు ఈ దారుల పటాన్ని అడగాలి.

2020 డిసెంబరు 25న అమెరికాలోని నాష్‌విల్‌లో ఏటీ అండ్ టీ టెలికాం భవనం ఎదుట పేలుడు జరిగింది. కరెంటు పోయింది, పరికరాలు దెబ్బతిన్నాయి. టెనెసీతో పాటు కెంటకీ, అలబామాల్లోనూ కొన్నిచోట్ల 911 అత్యవసర సేవలు నిలిచాయి. ఎన్ని కేబుళ్లున్నా అన్నీ ఒకే భవనంలో కలిస్తే ముప్పు తప్పదు. బ్యాటరీలు, జనరేటర్లు కూడా ఈ భద్రతలో భాగమే.

మన దగ్గర ఎక్కువ బెడద తవ్వకాలది. తవ్వేముందు కేబుళ్ల యజమానులకు సమాచారం ఇచ్చేందుకు కేంద్రం 2023 మార్చిలో ‘కాల్ బిఫోర్ యూ డిగ్’ యాప్ తెచ్చింది. కాంట్రాక్టర్లు దాన్ని తప్పక వాడేలా మున్సిపాలిటీలు పట్టుబట్టాలి.