మీకు కావాల్సింది బండా? పనా?

పాత వ్యాను ఒకటి కొని, వెనక సీట్లు పీకేసి, మంచం, స్టవ్వు, సోలార్ ప్యానెల్ పెట్టేస్తే చాలు... అరకు, గండికోట, లంబసింగి ఎక్కడికెళ్లినా బండే ఇల్లు! టూరిస్టులకు అద్దెకిస్తే ఉద్యోగం వెతుక్కునే పనే ఉండదు. వీడియోలు చూసి ఫ్రెండ్స్‌తో మీరూ ఈ లెక్కలు వేసే ఉంటారు. ఆలోచన చెడ్డదేం కాదు. కేరళ పర్యాటక శాఖ 2021లోనే ‘కారవాన్ కేరళ’ పథకం ప్రకటించింది. అయితే సొంతంగా తయారు చేసుకోవాలా, తయారైంది కొనాలా అని తేల్చుకునే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: మీకు కావాల్సింది బండా, పనా?

ముందు ఆర్‌సీ చూడండి

తయారీదారు ఇచ్చిన వివరాలకూ ఆర్‌సీలోని వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెబుతోంది. 2019లో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే గట్టిగా చెప్పింది. అనుమతి లేకుండా మారిస్తే ఒక్కో మార్పుకు రూ.5 వేల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. మోటారు కారవాన్‌లకు ఏఐఎస్-124 అనే ప్రత్యేక ప్రమాణం ఉంది. కాబట్టి కట్టర్ పట్టుకునే ముందు ఆర్టీఏ ఆఫీసుకు వెళ్లి అడగండి. బీమా కంపెనీకి చెప్పకుండా మారిస్తే ప్రమాదం జరిగినప్పుడు క్లెయిమ్ దగ్గరా చిక్కే. తెల్ల నంబరు ప్లేటు బండిని అద్దెకు తిప్పడమూ కుదరదు.

లెక్క తప్పితే అంతే

18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పెద్ద షీటు ఒక్కటే దాదాపు 30 కిలోలు. వంద లీటర్ల నీళ్లంటే మరో వంద కిలోలు. ఆర్‌సీలో రాసిన మొత్తం బరువు దాటితే బ్రేకులు, టైర్ల మీద భారం పడుతుంది. ఇక కరెంటు... 12 వోల్టుల, 100 యాంపియర్ అవర్ల బ్యాటరీలో ఉండేది 1,200 వాట్ అవర్లు. 45 వాట్ల చిన్న ఫ్రిజ్ రోజులో సగం సేపు నడిస్తే 540, ఫ్యాన్ ఎనిమిది గంటలకు 160, ల్యాప్‌టాప్ నాలుగు గంటలకు 240. మొత్తం 940 అయిపోయాయి. అదే వెయ్యి వాట్ల ఏసీ వేస్తే గంటకు కాస్త ఎక్కువ, అంతే!

ఎవరికి ఏది?

అద్దె వ్యాపారమే లక్ష్యమైతే కొనడమే మేలు. అనుమతులున్న తయారీదారు ఇచ్చిన బండికి కాగితాలు పక్కాగా ఉంటాయి, మొదటి రోజు నుంచే తిప్పొచ్చు. డబ్బు ఎక్కువే. అందుకే అప్పు చేసే ముందు నాలుగు రోజులు అలాంటి బండినే అద్దెకు తీసుకుని తిరిగి చూడండి. ఆ అవస్థలూ తెలుస్తాయి, గిరాకీ కూడా అర్థమవుతుంది.

పని నేర్చుకోవడమే లక్ష్యమైతే తయారు చేయండి. కానీ బండిని కోయకండి. మంచం, వంట పెట్టె, బ్యాటరీ పెట్టె విడిగా చేసి, బెల్టులతో బిగించి, అవసరం లేనప్పుడు తీసేసేలా డిజైన్ చేయండి. డ్రాయింగు, బరువుల పట్టిక, వైరింగ్, ఫ్యూజులు, ఖర్చు... అన్నీ నోట్‌బుక్‌లో రాసుకోండి. చెడిపోయినవీ, వాటిని ఎలా సరిచేశారో కూడా రాయండి. రేపు సోలార్, ఎలక్ట్రిక్ వాహనాల కంపెనీ ఇంటర్వ్యూలో ‘నువ్వేం చేశావ్?’ అని అడిగితే, ఆ నోట్‌బుక్ తెరిచి చూపించొచ్చు.

ఇంట్లోవాళ్లు దాచిన డబ్బు బండి మీద పెట్టే ముందు ఆ తేడా తేల్చుకోండి. బండి కొంటే రోజురోజుకీ విలువ తగ్గుతుంది. నేర్చుకున్న పని తగ్గదు.