బ్యాంకు మాట, ఇంటి మాట

బ్యాంకు నుంచి ఫోనుకు వచ్చే సందేశాల్లో ఇంగ్లీషు మాటలు పట్టుమని పది కూడా ఉండవు. క్రెడిట్, డెబిట్, బ్యాలెన్స్, డ్యూ, ఇంట్రెస్ట్... తిప్పి తిప్పి అవే. వాటి స్పెల్లింగు మనకు వచ్చు. కానీ వేసవి సెలవుల్లో ఊరెళ్లినప్పుడు తాతయ్య ఫోను చేతికిచ్చి "ఏమొచ్చిందో చదివి చెప్పరా" అంటే చదవగలుగుతాం గానీ చెప్పలేకపోతాం.

తెలుగులో మాటలు లేక కాదు. ఊళ్లోకి బ్యాంకు రాకముందు నుంచీ మన ఇళ్లలో, అంగళ్లలో లెక్కలు నడుస్తూనే ఉన్నాయి. జమ, ఖర్చు, బాకీ, అసలు అనే మాటలు అరబ్బీ, పారశీక భాషల నుంచి వచ్చి తెలుగులో స్థిరపడ్డాయి. హిందీలోనూ దాదాపు ఇవే కాబట్టి భోపాల్‌కు బదిలీ అయినా, లక్నోకు బదిలీ అయినా ఇవి మనకు పరాయిగా అనిపించవు.

పాసుపుస్తకంలో క్రెడిట్ అంటే జమ, ఖాతాలోకి డబ్బు వచ్చిందని. డెబిట్ అంటే ఖాతా నుంచి పోయిందని. మరి క్రెడిట్ కార్డులో ఉన్న క్రెడిట్? అక్కడ అది అరువు. ఒకే మాట ఒకచోట మన డబ్బు, ఇంకోచోట పరాయి డబ్బు ఎలా అయింది? లాటిన్‌లో 'నమ్మడం' అనే అర్థమున్న మాట నుంచి ఇది పుట్టింది. మనం నమ్మి బ్యాంకులో దాచుకుంటే బ్యాంకు మనకు బాకీ. బ్యాంకు మనల్ని నమ్మి కార్డు ఇస్తే మనం బ్యాంకుకు బాకీ. కొట్లో 'అప్పు రేపు' అని బోర్డు పెట్టిన షావుకారు, ఆ నమ్మకమే తన దగ్గర దొరకదని చెబుతున్నాడన్నమాట.

కార్డు బిల్లులో టోటల్ డ్యూ, మినిమమ్ డ్యూ అని రెండు అంకెలుంటాయి. మొదటిది మొత్తం బాకీ. రెండోది చూసి "ఇంత కడితే చాలట" అనుకునేవాళ్లు చాలామంది. అది కడితే ఆలస్య రుసుము తప్పుతుంది, అంతే. మిగిలిన బాకీ మీద వడ్డీ నడుస్తూనే ఉంటుంది. మినిమమ్ అంటే 'చాలు' అని కాదు.

అమ్మానాన్నల పే స్లిప్పులో ఒక అందమైన మాట ఉంది: డియర్‌నెస్ అలవెన్స్. ఉత్తరంలో 'డియర్ ఫ్రెండ్' అని రాసే డియరే ఇది. ప్రియమైనదనీ, ఖరీదైనదనీ రెండర్థాలు. విచిత్రంగా తెలుగులోనూ అంతే. స్నేహితుడూ ప్రియమే, ధర పెరిగితే కందిపప్పూ ప్రియమే! ధరలు ప్రియమైనందుకు ఇచ్చేది కనుక దాన్ని కరువు భత్యం అంటాం. కేంద్ర ఉద్యోగులకు ఏటా జనవరి, జులై నెలల నుంచి వర్తించేలా దాన్ని సవరిస్తారు. ఇక గ్రాస్ అంటే మొత్తం జీతం, నెట్ అంటే కోతలు పోను చేతికొచ్చేది.

ప్రిన్సిపల్ అనగానే మనకు బడిలోని ప్రిన్సిపల్ గారే గుర్తొస్తారు. అప్పులో ప్రిన్సిపల్ అంటే అసలు. రెండింటికీ స్పెల్లింగు ఒకటే, 'ముఖ్యమైనది' అన్న మూలార్థమూ ఒకటే. ఇంట్రెస్ట్ అంటే ఆసక్తి అని నోటుబుక్కులో రాసుకున్నాం, ఇక్కడ అది వడ్డీ. అసలు కన్నా వడ్డీ ముద్దని మనల్ని చూసి మురిసిపోతూ అమ్మమ్మలు అంటారు. అప్పు తీసుకున్నవాళ్లకు మాత్రం అదేమంత ముద్దు కాదు.

ఎక్కువమంది దెబ్బతినేది ఈ వడ్డీ దగ్గరే. ఊళ్లో ఎవరైనా "రెండు రూపాయల వడ్డీకి తెచ్చాను" అంటారు. బ్యాంకు కాగితం మీద 'పన్నెండు పర్సెంట్' అని ఉంటుంది. రెండు ఎక్కడ, పన్నెండు ఎక్కడ, ఊరి అప్పే చవక అనిపిస్తుంది. కానీ రెండు రూపాయలంటే నూటికి, నెలకు. బ్యాంకు చెప్పే పర్సెంట్ మామూలుగా నూటికే గానీ, ఏడాదికి. ఆ 'పర్ యానమ్' అన్న రెండు చిన్న మాటలు చూడకపోతే లెక్క తలకిందులవుతుంది. 50,000 రూపాయలు రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 1,000, ఏడాదికి 12,000 రూపాయలు. అంటే ఏడాదికి 24 శాతం! అదే 50,000కు 12 శాతం చొప్పున ఏడాదికయ్యేది 6,000, సరిగ్గా సగం. ఊరి వడ్డీని 12తో గుణిస్తేనే బ్యాంకు వడ్డీతో పోల్చడానికి వస్తుంది. ఏడో తరగతి పిల్లలైనా తాతయ్య పక్కన కూర్చుని చేసిపెట్టగల లెక్క ఇది.

వాయిదాల మీద వస్తువు కొనేటప్పుడు 'ఫ్లాట్ రేట్' అనే మాట వినిపిస్తే చెవులు రిక్కించాలి. 12,000 రూపాయల అప్పు, ఏడాది గడువు, 12 శాతం ఫ్లాట్ అనుకుందాం. నెలనెలా అసలు తగ్గుతున్నా, మొదట తీసుకున్న 12,000 మీదే ఏడాది పొడవునా వడ్డీ కడతారు, మొత్తం 1,440 రూపాయలు. 'రెడ్యూసింగ్ బ్యాలెన్స్' పద్ధతిలో మిగిలిన అసలు మీదే వడ్డీ. అప్పుడది సుమారు 794 రూపాయలే. శాతం అదే, అప్పు అదే, మారింది ఒక్క మాట.

చివరగా మన ఇళ్లకు మరీ దగ్గరి సంగతి. బదిలీ ఆర్డరు రాగానే మంచాలు, బీరువా, పాత ఫ్రిజ్ అమ్మేయాలని ఫోనులో ప్రకటన పెడతాం. గంటలోపే ఎవరో ఫోను చేస్తారు. బేరమాడరు, వస్తువు చూస్తామని కూడా అనరు. "అడ్వాన్సు పంపుతున్నాను, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బు రిసీవ్ అవుతుంది" అంటారు. రిసీవ్ అంటే అందుకోవడమని మనకు తెలుసు, అందుకే నమ్ముతాం. ఆయన నోట ఉన్న మాట రిసీవ్, మన ఫోను తెర మీద ఉన్న మాట పే, అంటే చెల్లించు. యూపీఐలో పిన్ అడిగేది డబ్బు పంపేటప్పుడు, లేదా ఖాతాలో నిల్వ చూసుకునేటప్పుడు. అందుకోవడానికి పిన్నూ అక్కర్లేదు, స్కానూ అక్కర్లేదు. సామాను సర్దే హడావుడిలో పెద్దవాళ్లు తెర చదవరు. పక్కనున్న మనం చదివి "అమ్మా, ఇక్కడ పే అని ఉంది" అంటే చాలు. అప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయించాలి. సైబర్ మోసాల ఫిర్యాదుకు దేశమంతటికీ అదే నంబరు. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బు చేతులు మారకుండా ఆపడానికి అంత వీలుంటుంది.