ఒక్క తుపాకీకి ఒక్కటే ఒర

అంబాజీపేట చుట్టుపక్కల తోటల్లో కొబ్బరి దింపు తీసే మనిషిని ఎప్పుడైనా నిలబడి చూశారా? కాళ్లకు బంధం, రెండు చేతులూ మాను మీద, కత్తి నడుమున. ఎక్కుతున్నంతసేపూ ఆ కత్తి జారిపోకూడదు. ఒంటికి గీసుకోకూడదు. గెల దగ్గరికి చేరాక తడుముకోకుండా చేతికి రావాలి. నడుముకు కట్టుకునే ఏ పనిముట్టుకైనా, ఏ ఆయుధానికైనా మనిషి పెట్టిన షరతులు ఈ మూడే. రివాల్వర్‌ను నడుముకు పట్టి ఉంచే తోలు ఒరకు, అంటే హోల్‌స్టర్‌కు, ఈ మూడూ ఒకేసారి నెరవేర్చడం అంత తేలిగ్గా రాలేదు.

కదిలే చక్రాలు లేకపోయినా హోల్‌స్టర్ ఒక యంత్రమే. అది చేసేది తాళం పని. తూటాలు నింపిన తుపాకీ మనిషి నడుము మీద ఉన్నంతసేపూ దాని ట్రిగ్గర్‌ను మూసి ఉంచేది ఆ తోలే. అందుకే రివాల్వర్ ఎంపిక మీద పెట్టినంత శ్రద్ధ ఒర ఎంపిక మీదా పెట్టాలి.

గుర్రం మీంచి నడుముకు

రివాల్వర్ కథలో మన సముద్రానికీ చోటుంది. 1830లో శామ్యూల్ కోల్ట్ అనే 16 ఏళ్ల అమెరికా కుర్రాడు కార్వో అనే ఓడలో పనికి చేరి బోస్టన్ నుంచి కలకత్తాకు బయలుదేరాడు. ఆ ప్రయాణంలో ఓడ చక్రం తిరిగి, ఒకచోట ఆగి బిగుసుకునే తీరు చూశాకే తిరిగే సిలిండర్ ఆలోచన తట్టిందని తర్వాత అతనే చెప్పుకున్నాడు. ఓడ మీదే చెక్కతో నమూనా చెక్కాడు. ఓడలరేవు ఒడ్డున నిలబడితే మనకు కనిపించే బంగాళాఖాతం దాటకుండా ఆ ఓడ కలకత్తా చేరే దారి లేదు. 1836 ఫిబ్రవరి 25న అతనికి అమెరికాలో పేటెంటు వచ్చింది.

మొదట్లో పెద్ద రివాల్వర్లకు నడుమున చోటు లేదు. 1847 నాటి కోల్ట్ వాకర్ రివాల్వర్ బరువు దాదాపు 2 కిలోలు. అంత బరువును నడుమున మోయడం కష్టం కాబట్టి గుర్రపు జీను ముందు జంట తోలు తొడుగులు వేలాడదీసి వాటిలో పెట్టేవారు. 1851 నాటి నేవీ నమూనా బరువు 1.2 కిలోలకు దిగింది. తుపాకీ గుర్రాన్ని వదిలి మనిషి నడుముకు చేరింది. దాంతో తోలు పనివాడి ముందు కొత్త లెక్కలు నిలిచాయి. గుర్రం మోసినప్పుడు పెద్ద సంచి చాలు. మనిషి కూర్చుంటాడు, వంగుతాడు, పరుగెత్తుతాడు. ఆ కదలికలన్నిటిలో తుపాకీ నిలకడగా ఉండాలంటే ఒర సంచిలా వదులుగా ఉంటే కుదరదు.

ఈ లెక్కల్లో ఒకటి మన దేశంలోనే తేలింది. 1858 ఆగస్టు 31న, పీలీభీత్ దగ్గర సీర్‌పురా పోరులో శామ్ బ్రౌన్ అనే ఆంగ్ల సైనికాధికారి ఎడమ చేయి పోగొట్టుకున్నాడు. నడుమున వేలాడే కత్తి ఒరను ఎడమ చేత్తో పట్టుకుంటేనే కుదురుగా ఉండేది. ఆ చేయే లేకపోయాక అతను కుడి భుజం మీంచి ఏటవాలుగా ఎడమ నడుముకు దిగే తోలు పట్టీ కలిపి వెడల్పాటి బెల్టు తయారుచేయించుకున్నాడు. ఎడమ పక్క కత్తి, కుడి పక్క పిస్తోలు తొడుగు. బరువును భుజమూ నడుమూ పంచుకున్నాయి. పరేడ్లలో మన పోలీసు అధికారులు వేసుకునే క్రాస్ బెల్టుకు మూలం ఇదే.

తోలు గుర్తుపెట్టుకునే రూపం

హోల్‌స్టర్‌కు ఏ తోలైనా పనికిరాదు. పచ్చి తోలులో ఉండేది కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగులు. అలాగే వదిలేస్తే కుళ్లుతాయి, ఎండబెడితే అట్ట కడతాయి. తోలును పదును చేయడమంటే ఆ పోగుల మధ్యకు మరో పదార్థాన్ని పంపి వాటిని కుదుర్చడం. మన పాత పద్ధతిలో ఆ పదార్థం చెట్ల నుంచి వచ్చేది. తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయ. వీటిలోని వగరు పదార్థమే టానిన్. పచ్చి కరక్కాయ కొరికితే నోరు ముడుచుకుపోయేది దానివల్లే.

రెండో పద్ధతిలో క్రోమియం లవణాలు వాడతారు. ఆ తోలు మెత్తన, తడికి ఓర్చుకుంటుంది, వేడికీ తట్టుకుంటుంది. చెప్పుల పైభాగాలకూ చేతిసంచులకూ అది మేలు. కానీ లాగితే సాగుతుంది, అచ్చులో పెట్టిన రూపాన్ని నిలుపుకోదు. చెట్టు చెక్కతో పదును చేసిన తోలు అలా కాదు. తడిపితే మైనంలా లొంగుతుంది, ఆరితే అదే రూపంలో గట్టిపడుతుంది. హోల్‌స్టర్‌కు కావలసిన గుణం ఇదే.

తోలు వెనకున్న ఈ రసాయన శాస్త్రం చెప్పేటప్పుడు ఒక తెలుగువాణ్ణి తలచుకోకుండా ఉండలేను. తెనాలి దగ్గర యలవర్రులో 1922లో పుట్టిన యలవర్తి నాయుడమ్మ, చెన్నై అడయారులో 1948లో వెలసిన కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థకు 1958 నుంచి 1971 వరకు డైరెక్టర్‌గా ఉన్నారు. చదువుకున్నవాళ్లు ముక్కు మూసుకుని దాటిపోయే తోళ్ల పనిని ప్రయోగశాలలోకి తెచ్చి, దానికి శాస్త్రంగా గౌరవం సంపాదించారు. ఆ తర్వాత దేశమంతటి శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలికి నాయకత్వం వహించారు. 1985లో కనిష్క విమానంలో జరిగిన బాంబు పేలుడులో ఆయన్ను పోగొట్టుకున్నాం.

ఒర తయారీ ఇలా సాగుతుంది. సుమారు 3 నుంచి 4 మిల్లీమీటర్ల మందం తోలును కత్తిరించి, మైనం పట్టించిన దారంతో కుడతారు. గోరువెచ్చని నీళ్లలో తడిపి, లోపల ఆ రివాల్వర్ కొలతలున్న అచ్చు పెడతారు. నున్నటి పనిముట్టుతో సిలిండర్ ఉబ్బు చుట్టూ, ట్రిగ్గర్ గార్డు అంచు వెంట నొక్కి నొక్కి రుద్దుతారు. తర్వాత నీడన నిదానంగా ఆరనిస్తారు. తొందరపడి పొయ్యి సెగకు పెడితే కొల్లాజెన్ ముడుచుకుని తోలు పెళుసవుతుంది. సరిగ్గా ఆరిన ఒరలో తుపాకీని దోపితే చివర్లో చిన్నగా ‘టక్’మని కుదురుకుంటుంది. ఒర బిగువంతా ఆ చప్పుడులో తెలుస్తుంది.

ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవని పెద్దలన్నారు. హోల్‌స్టర్ విషయంలో దీన్ని అక్షరాలా పాటించాలి. మన దేశంలో పౌరులకు లైసెన్సు మీద ఎక్కువగా దొరికేది .32 రివాల్వర్. పోలీసులు చాలాకాలం వాడింది .38. రెండూ చూపుకు అన్నదమ్ముల్లా ఉన్నా చట్రం వేరు, సిలిండర్ లావు వేరు. కాన్పూరులో 2014లో విడుదలైన 500 గ్రాముల ‘నిర్భీక్’ రివాల్వర్ అయితే ఇంకా తేలికైనది. ఒకదానికి అచ్చు పోసిన తోలులో మరొకటి వదులుగా ఊగుతుంది, లేదా ఇరుక్కుంటుంది.

కొనేముందు చేసే పరీక్షలు

తూటాలన్నీ తీసేసి, సిలిండర్ తెరిచి ప్రతి గదీ ఖాళీ అని కళ్లతో చూసి, వేలితో తడిమాకే ఏ పరీక్షైనా. మొదట చూడాల్సింది ట్రిగ్గర్ గార్డు. అది తోలు కింద పూర్తిగా దాగాలి, పక్క నుంచి వేలు దూరే సందు ఉండకూడదు. తర్వాత పట్టీ విప్పి ఒరను తలకిందులు చేసి మెల్లగా ఊపండి. కింద మెత్తటి దుప్పటి పరచి ఉంచండి. తుపాకీ జారిపోతే ఒర పట్టు సరిపోలేదని అర్థం. అలాగని రెండు చేతులతో పీకాల్సి వచ్చినా అది తగినది కాదు.

మూడోది ఒర నోరు. తుపాకీ తీశాక నోరు తెరుచుకునే ఉండాలి. వాడి వాడి మెత్తబడ్డ తోలు లోపలికి ముడుచుకుంటే, తుపాకీని తిరిగి దోపేటప్పుడు ఆ మడత ట్రిగ్గర్‌కు అడ్డుపడి నొక్కేయగలదు. మంచి పనివాళ్లు నోటి చుట్టూ రెండో పొర తోలు కుట్టేది ఇందుకే. మెత్తబడిన ఒరను మొహమాటపడకుండా పక్కన పెట్టేయాలి.

నాలుగోది బెల్టు. బిందెను చంకనెత్తుకున్నవాళ్లకు ఈ భౌతికశాస్త్రం తెలుసు. బరువు ఒంటికి ఎంత దగ్గరగా ఉంటే అంత తేలిక. తుపాకీ పిడి బెల్టుకు పైన ఉంటుంది కాబట్టి బయటికి ఒరగాలని చూస్తుంది. ఒరకు రెండు పక్కలా దూరంగా చీలికలుంటే బెల్టు దాన్ని నడుముకేసి లాగి పట్టుకుంటుంది. చీలిక వెడల్పు, బెల్టు వెడల్పు ఒకటే కావాలి. బెల్టు పల్చనిదైతే మెలితిరిగి ఒరను వేలాడదీస్తుంది.

చట్టమూ ఒరను పట్టించుకుంది. 2016 ఆయుధ నియమాల ప్రకారం బహిరంగ స్థలంలో రివాల్వర్‌ను హోల్‌స్టర్ లాంటి తగిన తొడుగులోనే తీసుకెళ్లాలి. అది పూర్తిగా కప్పి ఉండాలి, మోసేవాడి అదుపులో ఉండాలి.

మన గాలిలో తోలు

గౌతమికీ వశిష్ఠకూ నడుమ, మూడు పక్కలా నీళ్లున్న నేల మనది. వానాకాలంలో రాజోలు, అమలాపురం ఇళ్లలో మూలన పెట్టిన తోలు చెప్పుల మీద వారం తిరక్కుండానే తెల్లటి బూజు లేస్తుంది. హోల్‌స్టర్‌కూ అదే గతి. తోలు గాలిలో తడిని పీల్చి పట్టి ఉంచుతుంది. సముద్రం మీంచి వచ్చే ఉప్పు దానికి తోడవుతుంది. అలాంటి ఒరలో ఉక్కు తుపాకీని రోజుల తరబడి ఉంచితే తుప్పు పడుతుంది. తోలు మీద నల్లటి మచ్చలు తేలితే ఆశ్చర్యపోనక్కర్లేదు. టానిన్, ఇనుము కలిస్తే నలుపు పుడుతుంది. పెడన కలంకారీ పనివాళ్లు కరక్కాయ నీళ్లలో ముంచిన బట్ట మీద, బెల్లం నీళ్లలో ఇనుప ముక్కలు పులియబెట్టిన ద్రావణంతో నల్ల అచ్చు వేసేది ఈ రసాయన చర్యతోనే. బట్ట మీద అందమైన ఆ నలుపు ఒర లోపల కనిపిస్తే తుపాకీకి తడి తగిలిందనడానికి గుర్తు.

అందుకని ఇంటికి రాగానే తుపాకీని ఒర నుంచి తీసి, తుడిచి, తూటాలు వేరుగా పెట్టి తాళం వేయాలి. ఒరను గాలి ఆడే నీడలో ఉంచాలి. మెరుపు కోసం నూనె దట్టంగా పట్టిస్తే పోగులు సడలి, నీళ్లతో తెచ్చిన బిగువంతా నూనెతో పోతుంది.

దింపు కార్మికుడు చెట్టు దిగాక ముందు చేసే పని నడుమున కత్తిని తీసి పక్కన పెట్టడం. ఎక్కినంతసేపూ ఒంటిని అంటిపెట్టుకున్నదాన్ని పని అయ్యాక ఒంటి మీద ఉంచుకోడు. రివాల్వర్ ఉన్నవాళ్లకు కూడా నడుమున ఉన్నప్పుడు బిగువైన ఒర, ఇంట్లో తాళం వేసిన పెట్టె, రెండూ ఉండాలి. వాటిలో ఏ ఒక్కటీ రెండోదాని పని చేయలేదు.