స్నార్ల్ బొమ్మ కొనేముందు: తోడేలా, డైనోసారా?

పోయిన ఎపిసోడ్‌లో ఊరికి పోయేటప్పుడు పిల్లలకు ఏం పట్టుకుపోవాలి అని మాట్లాడుకున్నాం కదా. అందులో నా స్నార్ల్ బొమ్మ సంగతి సగంలోనే ఆగింది. మిగతాది ఇక్కడ రాస్తున్నా.

నేను అమెరికాలో, జార్జియా రాష్ట్రం కమ్మింగ్‌లో కన్‌స్ట్రక్షన్ సూపర్‌వైజర్‌ని. మా బాబు ఊర్లో వాళ్లమ్మ దగ్గర ఉంటాడు. "డాడీ, స్నార్ల్ తీసుకురా" అన్నాడు. పేరు చూసి కొన్నా. ఇంటికి పోయి డబ్బా విప్పితే వాడి ముఖం చిన్నబోయింది. నేను తెచ్చింది వీపు మీద పలకలున్న డైనోసార్. వాడు అడిగింది తోడేలు.

ట్రాన్స్‌ఫార్మర్స్‌లో ఒకే పేరు వేరే వేరే రోబోలకు పెడుతుంటారు. 1985లో బొమ్మగా వచ్చిన స్నార్ల్ డైనోబాట్, స్టెగోసారస్‌గా మారతాడు. దాన్ని తర్వాత కూడా కొత్త రూపాల్లో చేస్తూ వచ్చారు. తోడేలు స్నార్ల్ 2005 నాటి 'ట్రాన్స్‌ఫార్మర్స్: సైబర్‌ట్రాన్' కార్టూన్‌లోవాడు. జపాన్‌లో ఆ కార్టూన్ పేరు 'గెలాక్సీ ఫోర్స్', వీడి పేరు ఫాంగ్ వుల్ఫ్.

కథ ఏందంటే, సైబర్‌ట్రాన్ గ్రహాన్ని బ్లాక్‌హోల్ మింగబోతుంది. దాన్ని కాపాడటానికి ఆటోబాట్లు నాలుగు ప్లానెట్ కీల కోసం వెతుకుతారు. ఒకటి జంగిల్ ప్లానెట్‌ది. అక్కడ బలమున్నోడిదే రాజ్యం, డ్రాగన్‌గా మారే స్కర్జ్ ఏలుతుంటాడు. స్నార్ల్ అక్కడివాడే. ఖడ్గమృగంగా మారే బ్యాక్‌స్టాప్ వీడికి గురువు. స్నార్ల్‌కు మాట తక్కువ, కొత్తవాళ్లను తొందరగా నమ్మడు. ఆటోబాట్ ఓవర్‌హాల్ అక్కడికొచ్చి, లియోబ్రేకర్ అనే సింహంగా మారతాడు. చివరికి స్నార్ల్ కూడా ఆటోబాట్ల పక్షాన నిలబడతాడు.

"అంతమందిలో వీడే ఎందుకురా?" అని అడిగా.

"వాడు కూడా ఎక్కువ మాట్లాడడు డాడీ. అయినా అందరూ వాణ్ని మంచోడే అంటరు."

ఫోన్‌లో వాడు "ఆ", "ఊ" అంటే చాలు, "నోట్లో మాటలు లేవా?" అని నేను కసురుకునేవాణ్ని. అది గుర్తొచ్చి ఏం మాట్లాడలేకపోయా.

అన్నలారా, తమ్ముళ్లారా, పేరు ఒక్కటే రాసుకుని షాపుకు పోకండి. వీడియో కాల్‌లో బొమ్మ ఫొటో చూపించమనండి. ఏ కార్టూన్, ఏ జంతువు అని అడిగి రాసుకోండి. తోడేలు స్నార్ల్ పాత బొమ్మ కాబట్టి, సెకండ్‌హ్యాండ్‌లో తీసుకుంటే ముక్కలన్నీ ఉన్నాయా, కీళ్లు విరగకుండా తిరుగుతున్నాయా చూసుకోండి. ఆ కథేందో పిల్లల్నే చెప్పమనండి. ఇప్పుడు మావాడు ప్రతి ఆదివారం ఒక ఎపిసోడ్ కథ చెప్తున్నాడు. నేను "ఊ" కొడుతున్నా.